పద్నాలుగో గడి

మార్చి 3, సోమవారం

ఈ రోజు వంతెన కిందికి బల్లి వచ్చింది. దాని అసలు పేరు పెట్టె మీద ఇంత పొడుగున రాసి ఉంది, నేను చదవలేదు. నాలుగు చక్రాలు, ఆరు కెమెరాలు, కడుపు కింద గాలి పీల్చే గొట్టం. కాంక్రీటుకి తలకిందులుగా అంటుకుని పాకుతుంది. నేను బల్లి అన్నాను. మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా బల్లి అనడం మొదలుపెట్టింది. పేర్లు పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. పనిలోనూ లేరనే నా ఉద్దేశం. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు రావడం లేదు.

దాన్ని తోలేది ముప్ఫయ్యేళ్ల పిల్ల. చేతిలో ఎప్పుడూ రిమోటే.

"మేడమ్, ఇరవై ఆరేళ్లుగా ఈ బ్రిడ్జిని సుత్తితో కొడుతున్నది మీరేనా?" అంది.

"నేనే. అది ఇంతవరకూ తిరిగి కొట్టలేదు" అన్నాను.

నవ్వింది. నవ్వినందుకు కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

పెద్దసారు మమ్మల్నందరినీ నిలబెట్టి చెప్పారు. నెలాఖరుకి ఈ వంతెన మీద పెద్ద లారీలకి అనుమతి పత్రం ఇవ్వాలట, గట్టిగా ఉందో లేదో బల్లి తేల్చేస్తుందట. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "నీకింక నాలుగు నెలలేగా సర్వీసు. హాయిగా కూర్చోమ్మా" అన్నారు.

కూర్చోవడానికి నా కాళ్లకేం రోగం? వంతెనకి అరవై రెండు, నాకు యాభై ఏడు. మా ఇద్దరిలో ముందు ఎవరు కూర్చుంటారో చూద్దాం.

మార్చి 4

ఆ పిల్ల ప్యానెల్ అంటుంది. గడి అను అన్నాను. దూలానికీ దూలానికీ మధ్య ఉన్న చదరం గడి. ఇలాంటివి ఇరవై రెండు. ఈ ఒడ్డు నుంచి ఒకటి, ఆ ఒడ్డున ఇరవై రెండు.

"వినడం అంటే ఎలా వింటారు మేడమ్?"

సుత్తి చేతికిచ్చి కొట్టమన్నాను. మూడో గడిలో గట్టి చోట ఠంగుమంది. జానెడు పక్కకి జరిపి కొట్టించాను, దబ్బుమంది. లోపల పొర విడిపోయింది, అది డొల్ల అన్నాను. డొల్ల ఎంతమేర ఉందో కొట్టుకుంటూ పోయి, దాని చుట్టూ పసుపు మైనం సుద్దతో సున్నా గీస్తాం. ఫోటో తీస్తాం. రిపోర్టులో ఒక్కో గడికి రెండే మాటలు: కొట్టాను, గట్టి. లేదా, కొట్టాను, డొల్ల.

పిల్ల సుత్తి వదలడం లేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ వింది.

ఒకళ్లు కొట్టాలి, ఒకళ్లు కింద కూర్చుని రాయాలి అని కూడా చెప్పాను. రాసేవాళ్లు తలెత్తకూడదు. తలెత్తితే చూసింది రాస్తారు, విన్నది రాయరు. ఆ పద్ధతి పెట్టింది మా అన్నయ్య.

"ఆయన రిటైరయ్యారా?"

"లేడు."

"మరిప్పుడు ఎవరు రాస్తారు?"

"నేనే కొడతాను, నేనే రాస్తాను. జీతం మాత్రం ఒకటే."

మార్చి 7, శుక్రవారం

ఈ రోజు నవ్వలేక చచ్చాను.

బల్లి మొత్తం వంతెన తిరిగేసింది. గోడ మీద పెద్ద తెర వేసి పటం చూపించారు. బాగున్నచోట పచ్చ, పాడైనచోట ఎరుపు. వంతెన మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు అయిదో స్తంభం, మనిషి ఎత్తున. ఎర్రగా నిప్పులా ఉంది. పెద్దసారు ముఖం పాలిపోయింది.

అయిదో స్తంభం ఏమిటో నాకు తెలుసు. ప్రతి ఏడూ పని మొదలుపెట్టే ముందు సుద్ద సరిగ్గా పడుతోందో లేదో అని నేను గీసి చూసుకునే చోటు. అక్కడ నా పాత సున్నాలు గుత్తులుగా ఉన్నాయి. కాంక్రీటు ఉక్కులా ఉంటుంది.

బల్లికి ఏం నేర్పావని పిల్లని అడిగాను. "మీ రిపోర్టుల్లోని ఫోటోలే మేడమ్. కంప్యూటర్‌లో పదేళ్లవి దొరికాయి, ఇరవై వేలు. ఒకరకంగా దీనికి గురువు మీరే" అంది గర్వంగా.

నా ఫోటోల్లో డొల్ల ఉన్నచోటల్లా పసుపు సున్నా ఉంటుంది. బల్లి కాంక్రీటుని చూడటం లేదు. నా సుద్దని చూస్తోంది! బయటికెళ్లి కడుపు పట్టుకుని నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. ఈ తురుపుముక్క సమయం చూసి వేస్తాను.

పద్నాలుగో గడి పచ్చ. మంచిదే.

మార్చి 8

పద్నాలుగు పచ్చ. యంత్రం కూడా అదే అంది. ఇంకేం కావాలి?

మార్చి 9, ఆదివారం

ఆదివారాలు వదిన ఇల్లంతా బట్టలు పరిచి ఇస్త్రీ చేస్తుంది. వారమంతా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి వచ్చినా ఆ చేతులకి తనివి తీరదు. అన్నయ్య పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. పొద్దున ఆరూ నలభై బస్సులో తను వంతెన దాటుతుంది, సాయంత్రం మళ్లీ దాటుతుంది.

ప్రతి ఆదివారం ఒకటే ప్రశ్న, పరాచికానికి: "ఏమే, నీ వంతెన బాగానే ఉందా?"

ప్రతి ఆదివారం ఒకటే జవాబు: "బాగానే ఉంది వదినా. నేను కొట్టాను."

ఈ రోజు నా నోటి వెంట "బల్లి చూసింది" అని వచ్చింది.

వదిన ఇస్త్రీ పెట్టె ఆపింది. "బల్లి చూడ్డమేంటి? నువ్వు కొట్టావా లేదా?"

"కొట్టాలే" అన్నాను.

మార్చి 11

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

బల్లికి తెలిసింది నేను చెప్పిందే. నేను గీసినచోట ఎరుపు, గీయనిచోట పచ్చ. పద్నాలుగులో నేను ఎప్పుడూ గీయలేదు. గీయలేదు ఎందుకంటే కొట్టలేదు. పదకొండేళ్లుగా కొట్టలేదు.

అందులో నా తప్పేం లేదు. అన్నయ్య పడిపోయాక పద్నాలుగు కింది నడక పలకలు తీసేశారు. పదమూడు చివర గొలుసు కట్టారు. ఒకటి నుంచి పదమూడు దాకా ఈ ఒడ్డు నుంచి కొడతాను, పదిహేను నుంచి ఇరవై రెండు దాకా ఆ ఒడ్డు నుంచి కొడతాను. మధ్యలో నది లోతు. అక్కడికి పైనుంచి దింపే తొట్టి బండి కావాలి. నాకు ఇవ్వలేదు.

అడగలేదు.

రిపోర్టులో ఇరవై ఒక్క గడులకి కొట్టాను అని ఉంటుంది. పద్నాలుగు దగ్గర గత ఏడాదిలాగే అని ఉంటుంది. పదకొండేళ్లుగా గత ఏడాదిలాగే. పెద్దసారు పదకొండుసార్లు సంతకం పెట్టారు. చదివి పెట్టారో చదవకుండా పెట్టారో ఆయనకే తెలియాలి.

గొలుసు దగ్గర నిలబడి చూస్తే పద్నాలుగు నడుమ ఓ పసుపు మరక కనిపిస్తుంది. నీటి మరక. కాంక్రీటు పాతబడితే అలాంటివి వస్తాయి.

మార్చి 12

చేశాను. పొడుగు కర్ర చివర సుద్ద కట్టి, గొలుసు దగ్గర నుంచి పద్నాలుగు అంచున సున్నా గీశాను. వంకరగా వచ్చింది. బల్లికి అందం అక్కర్లేదు.

రేపు రెండోసారి తోలుతారు. ఎరుపు వస్తుంది. తొట్టి బండి వాళ్లే తెప్పిస్తారు, వాళ్లే కొట్టి చూసుకుంటారు. నేను నోరు విప్పక్కర్లేదు, పని జరిగిపోతుంది. ఇంత తెలివి ఇన్నాళ్లూ ఏమైందో.

మార్చి 13

ఎరుపు వచ్చింది. పెద్దసారు కాలు కాలిన పిల్లిలా తిరిగారు.

మార్చి 14, శుక్రవారం

పిల్ల నన్ను పదమూడు కిందికి పిలిచింది. ల్యాప్‌టాప్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టింది.

"మేడమ్, ఈ సున్నా పోయిన వారం లేదు."

"అప్పుడు బల్లి కంటికి ఆనలేదేమో."

"దాని కంటికి ఆనకపోతే పోనీ, ఫోటోలో ఉండాలిగా."

ఇక దాచి లాభం లేదనిపించింది. సుద్ద తీసి పక్క స్తంభం మీద, నిగనిగలాడే చోట సున్నా గీసి, ఇక్కడ తోలు అన్నాను. తోలింది. ఎరుపు. పక్కనే మరొకటి గీశాను. అదీ ఎరుపే. అయిదో స్తంభం సంగతి కూడా చెప్పేశాను.

పిల్ల రాయి మీద కూలబడింది. "అంటే మూడేళ్లుగా నేను దీనికి కాంక్రీటు చూడ్డం నేర్పలేదు. మీ సుద్ద చూడ్డం నేర్పాను" అంది.

ఈ క్షణం కోసం వారం రోజులుగా ఎదురుచూశాను. గెలిచాను. సంతోషం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

కాసేపటికి పిల్ల కళ్లు తుడుచుకుని మళ్లీ ఫోటో వైపు తిరిగింది. గట్టి పిల్ల. "ఒకటి అర్థం కాలేదు. పద్నాలుగు డొల్లయితే ఇన్నేళ్లూ ఎందుకు గీయలేదు? డొల్ల కాకపోతే మొన్న ఎందుకు గీశారు?"

నేను నదిని చూశాను.

"సరే, ఇది చెప్పండి" అని ఫోటో నడుమ భాగాన్ని పెద్దది చేసింది. "ఇది సగం సున్నా. పూర్తవలేదు కాబట్టి బల్లి పట్టించుకోలేదు. ఇది మీ చెయ్యి కాదు మేడమ్. మొదలుపెట్టిన చోట సుద్ద మందంగా పడుతుంది. మీ సున్నాలన్నీ ఎడమ నుంచి మొదలవుతాయి, వేలకి వేలు చూశాను. ఇది కుడి నుంచి మొదలైంది."

అన్నయ్యది ఎడంచేతి వాటం.

"నీటి మరక" అన్నాను.

"సుద్ద మేడమ్" అంది మెల్లగా.

మార్చి 15

నీటి మరక కాదు.

మార్చి 17, సోమవారం

పెద్దసారు తలుపు వేసి మాట్లాడారు.

"ఆ సున్నా నువ్వే గీశావని నాకు తెలుసు. ఎందుకు గీశావని అడగను. మనిషిని పెట్టి తుడిపించేస్తాను. మొదటిసారి యంత్రం పచ్చ అంది. నువ్వేమో గత ఏడాదిలాగే అని రాస్తావు. రెండూ సరిపోయాయి. నేను చూడనట్టు ఉంటాను, నువ్వూ చూడనట్టు ఉండు."

"నేను పదకొండేళ్లుగా చూడనట్టే ఉన్నాను సారూ" అన్నాను.

ఆయన కాగితాలు సర్దుకున్నారు. "నాలుగు నెలలమ్మా. మంచి పేరుతో వెళ్లిపో. చేజేతులా ఎందుకు చెడగొట్టుకుంటావు?"

నా పేరు గురించి అంత దిగులు పడే మనిషి ఇరవై ఆరేళ్లలో ఒక్కసారైనా నాకు కుర్చీ చూపించి ఉంటే బాగుండేది.

మార్చి 18

విన్నాను.

మార్చి 19

పద్ధతిగా రాస్తాను. రిపోర్టు రాసినట్టు.

ఆ రోజు అన్నయ్య పైన, నేను పదమూడు చివర మెట్టు మీద, ఒళ్లో కాగితం. తలెత్తకూడదు కాబట్టి ఎత్తలేదు. పద్నాలుగులో అన్నయ్య కొట్టడం మొదలుపెట్టాడు. ఠంగు, ఠంగు, తర్వాత దబ్బు. మళ్లీ దబ్బు. ఇంకా ముందుకి వెళ్లి కొట్టాడు, దబ్బు. చాలా దూరం డొల్లే. నడుముకి కట్టుకున్న బెల్టు కొక్కెం తీసిన చప్పుడు కూడా విన్నాను. బెల్టు పొడవు చాల్లేదు, డొల్ల అంచు దాకా చేరుకోలేకపోయాడు.

"పద్నాలుగు..." అని అరిచాడు. నేను 14 అని రాసుకున్నాను. తర్వాతి మాట కోసం పెన్ను పట్టుకుని ఉన్నాను.

తర్వాతి మాట రాలేదు.

విచారణలో అడిగారు, నీకేం వినిపించిందని. పైన లారీల చప్పుడు, ఏమీ వినిపించలేదన్నాను. వినిపించిందంటే వెళ్లి చూపించమంటారు. ఆ గడి కిందికి నేను వెళ్లలేను. ఆ వారం కాదు, ఆ నెల కాదు. తర్వాత చెబుదామనుకున్నాను. మరుసటి ఏడు చెబితే పోయిన ఏడు ఎందుకు చెప్పలేదంటారు. ఆ పై ఏడు అదే. ప్రతి ఏడూ చెప్పడం ఇంకొంచెం కష్టమైంది.

అన్నయ్య గురించి నిర్లక్ష్యంగా కొక్కెం తీసి చెల్లెలితో కబుర్లాడుతూ పడ్డాడని రాశారు. వదిన ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టుకుంది. దాన్నీ నేను దిద్దలేదు.

పిరికిదాన్ని. రాశాను. పెన్ను విరిగిపోలేదు, ఇల్లు కూలిపోలేదు. అయితే పైకి కూడా చెప్పగలను.

మార్చి 20

వదినకి చెప్పాను. మొత్తం. బట్టలు మడత పెడుతోంది, మడత పెడుతూనే ఉంది.

మడత పెడుతూనే అంది: "అయితే ఆయన ఆటలాడుతూ పడలేదన్నమాట."

"లేదు వదినా. అంచు చూద్దామని వెళ్లాడు."

"ఎగతాళి చేసినవాళ్ల ముందు పదకొండేళ్లు తలదించుకుని తిరిగాను."

"తెలుసు."

"తెలిసే రోజూ ఆ బస్సెక్కించావు నన్ను. టిఫిన్ డబ్బా కట్టిచ్చి మరీ ఎక్కించావు."

నిజమే. రోజూ నేనే కట్టిచ్చాను.

వదిన మడతలన్నీ బల్ల మీద పెట్టింది. "వెళ్లి కొట్టు. కొట్టొచ్చాక మాట్లాడదాం. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

మార్చి 21

ఉత్తరం ఇచ్చాను. పద్నాలుగో గడిని పదకొండేళ్లుగా కొట్టలేదని, గత ఏడాదిలాగే అని రాసింది అబద్ధమని, ప్రమాదం రోజు డొల్ల శబ్దం విన్నానని, వెంటనే తొట్టి బండి కావాలని. పెద్దసారు తీసుకోనన్నారు. ఇన్‌వర్డ్ గుమాస్తా దగ్గరికి వెళ్లి తేదీ ముద్ర వేయించుకున్నాను. ముద్ర పడ్డాక ఏ ఉత్తరమైనా ఉన్నట్టే, అది వాళ్ల రూలే.

వెనక్కి తిరిగితే పిల్ల నిలబడి ఉంది, చేతిలో మరో ఉత్తరం. బల్లి చూస్తున్నది కాంక్రీటు కాదు సుద్ద అని, ఆ పటం మీద ఆధారపడి అనుమతి ఇవ్వొద్దని.

"నీ బల్లి పరువు పోతుందే పిచ్చిదానా" అన్నాను.

"మీరు రాసిందే కదక్కా అది చదివింది. మీరు రాయనిచోట పాపం అదేం చదువుతుంది?"

అక్కా అంది. మేడమ్ పోయింది. కోపంతో అందో ప్రేమతో అందో అడగలేదు.

పెద్దసారు ఫోను చేసి చేసి అలిసిపోయాక తొట్టి బండి రాసిచ్చారు. "విచారణ తప్పదమ్మా నీకు" అన్నారు.

"పెట్టండి సారూ. ఈసారి అడిగితే చెబుతాను. మీ పదకొండు సంతకాల గురించి కూడా చెబుతాను."

మార్చి 24, సోమవారం

రేపు.

భయంగా ఉంది. ఉండనీ. భయంతో కొట్టను కదా, సుత్తితో కొడతాను.

మార్చి 25

వంతెన మీద బండి నిలిపి, పక్క నుంచి ఇనుప చేతిని కిందికి వంచి, తొట్టిని పద్నాలుగు కిందికి తెచ్చారు. తొట్టిలో నేను, పిల్ల. ఇద్దరి బెల్టుల కొక్కేలు నేనే తగిలించాను, రెండుసార్లు లాగి చూశాను. కాగితం పిల్ల చేతిలో పెట్టాను.

"తలెత్తకూడదు కదా?" అంది.

"ఎత్తు. ఆ పద్ధతి మార్చేస్తున్నాను. వింటూ చూడు. నేను మాట్లాడకపోతే కేకెయ్యి."

కింద నీళ్లు. కళ్లు మూసుకున్నాను, తెరిచాను. నా ముఖానికి జానెడు దూరంలో అన్నయ్య గీత. మైనం సుద్ద చెక్కుచెదరలేదు. కుడి నుంచి మొదలై, వంపు తిరిగి, చివర ఒక్కసారిగా పక్కకి జారి ఆగిపోయింది. దాని మీద చెయ్యి పెట్టాను. ఏడ్చాను. పిల్ల చూసింది, చూడనీ.

తర్వాత కొట్టాను.

దబ్బు. దబ్బు. దబ్బు. తొట్టిని జరపమన్నాను. దబ్బు. అన్నయ్య అంచు కోసం వెతికిన చోట ఇప్పుడు అంచు లేదు. పదకొండేళ్లలో డొల్ల పాకింది. అడుగడుగునా కొట్టుకుంటూ, అడుగడుగునా గీసుకుంటూ వెళ్లాను. ఒకచోట సుత్తి తగలగానే పలకలాంటి పెచ్చు ఊడి నీళ్లలో పడింది. లోపల తుప్పుపట్టిన ఊచలు బయటపడ్డాయి. మామూలుకి రెట్టింపు బరువు మోసే లారీలని వచ్చే వారం దీని మీదికి వదులుదామనుకున్నారు.

గంటన్నర పట్టింది. దాదాపు గడి మొత్తం చుట్టి, తిరిగి అన్నయ్య గీత దగ్గరికి వచ్చాను. అతని మొదలుకి నా చివర కలిపాను. అంత పెద్ద సున్నా నేనెప్పుడూ గీయలేదు.

"రాయి" అన్నాను. "పద్నాలుగు. డొల్ల."

"కొట్టినవారు?"

"ముందు అన్నయ్య పేరు. తర్వాత నాది. రాసినవారు, నువ్వు."

మధ్యాహ్నం రెండింటికి వంతెన రెండు వైపులా అడ్డుకర్రలు పడ్డాయి. బస్సులు కూడా బంద్.

మార్చి 26

పెద్దసారు రిపోర్టు తిప్పి పంపారు. చనిపోయినవాళ్ల పేరు రాయకూడదట, దిద్దమన్నారు. అన్నయ్య కొట్టిన చోటు చూపిస్తాను, సున్నాలో అతని గీత తుడిచెయ్యండి, అప్పుడు దిద్దుతాను అని రాసి తిరిగి పంపాను.

సాయంత్రం సస్పెన్షన్ కాగితం వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. సుత్తి ఇవ్వమన్నారు. సుత్తి నా సొంతం, ఆఫీసువాళ్లు ఏనాడూ కొనివ్వలేదు.

మార్చి 28

పిల్ల వచ్చింది. బల్లికి చిన్న సుత్తి, మైకు పెట్టిస్తుందట. ఫోటోలు వద్దు, శబ్దాలు కావాలట. నేర్పుతారా అక్కా అంది. సస్పెండ్ అయినదాన్ని, నాకు తీరిక ఎక్కువ అన్నాను. ముందుగా దానికి ఒక మాట నేర్పాలి. వెళ్లని చోటికి వెళ్లలేదు అని చెప్పడం.

మార్చి 30, ఆదివారం

వదిన ఈ పదిరోజులూ నాతో మాట్లాడలేదు. అయిదు రోజులుగా రెండు బస్సులు మారి, చుట్టూ తిరిగి ఆసుపత్రికి వెళ్తోంది. గంట ముందు లేస్తోంది. నిన్న బీరువాలోంచి ఆ విచారణ కాగితం తీసి బల్ల మీద పెట్టింది, దాని మీద నా రిపోర్టు నకలు పెట్టింది.

ఈ రోజు బట్టలు పరిచింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కింది. నేను గడప దగ్గర కూర్చుని ఉన్నాను, లోపలికి వెళ్లాలా వద్దా అని.

అటు తిరిగే ఉండి, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏమే, నీ వంతెన బాగానే ఉందా?"

"బాగాలేదు వదినా" అన్నాను. "నేను కొట్టాను."